బాల్డర్స్ గేట్‌ల ములాహే దగ్గర ఆగిపోయిన, జర సాయం చెయ్యుండ్రి

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ. 1998ల వచ్చిన బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ గేమ్ ఇప్పుడు మొదటిసారి ఆడుతున్న, రాత్రి అన్నం తిన్నంక రోజుకో గంట. ఆటల మన హీరోను పెంచిన గొరయాన్ చనిపోయిన రాత్రి నాకు నిజంగనే దుఃఖమొచ్చింది.

నా జట్టుల ఉన్న ఇమోయెన్, ఖాలిద్, జహీరాతోని నాష్కెల్ ఊరి ఇనుప గని అడుగుదాక దిగిన. కోబోల్డులనే చిన్న రాక్షసుల బాణాలకు ఖాలిద్ రెండుసార్లు పడిపోయిండు, పాత సేవ్ మళ్ల తెరిచిన. ఇనుము పెళుసై కత్తులు గూడ ఇరుగుతున్నయి.

ఇగ గని అడుగున ఉన్న శత్రువు ములాహే కోబోల్డులను, అస్థిపంజరాలను పిలుస్తుండు. నిద్ర మంత్రం కోబోల్డులకు పడుతది గని అస్థిపంజరాలకు పట్టది. ముందు ఎవరిని కొట్టాలె? ఆయన మంత్రం చదువుతుంటె బాణాలతోని చెడగొట్టనీకి అయితదా?

మిన్స్క్ అనే యోధుడు గూడ నా జట్టులనే ఉన్నడు. బందీగ ఉన్న ఆయన తోడు డైనహీర్‌ను విడిపించనీకి ఆలస్యమైతె ఊకోడంట. ఈ గనిని ఇడిచి ముందు అటే పోవాల్నా? ముందు జరగబోయే కథ మాత్రం చెప్పకుండ్రి.