సమస్యాపూరణం: తాత పుట్టెను మనుమని తనువునందు

నిర్వాహకుడు (పర్లాకిమిడి)

ఈ వారం సమస్య (ఇది చివరి పాదం, దీనికి ముందు మూడు పాదాలు కట్టి అర్థం కుదర్చాలి):

తాత పుట్టెను మనుమని తనువునందు

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం (గణం అంటే గురులఘువుల కట్ట), రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతి, పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి. ఇచ్చిన పాదం విరుపు, గణాల పేర్లతో: తాత (హ), పుట్టెను (భ), మనుమని (నల), తనువు (న), నందు (హ). యతి తా–త. ప్రాస నియమం లేదు, ప్రాసయతి వేసుకోవచ్చు.

‘కలలో కనిపించె’, ‘వెర్రివాడు పలికె’ అని తప్పించుకునే పూరణలు వద్దు. అలా అయితే ఏ సమస్యకైనా ఒకే పద్యం సరిపోతుంది. ‘తనువు’ అన్న మాటకు పద్యంలో పని ఉండాలి. మనసులో తాత పుట్టడం ఎవరైనా రాస్తారు, ఒంట్లో పుట్టించడమే చిక్కు.

కొత్తచేయి (రాయగడ)

పేరు పెట్టిరి తాతది ప్రేమమీర
నడక పలుకులు చూపులు నాటివగుట
చూచి మురిసిన వృద్ధులు చొక్కి యనిరి
తాత పుట్టెను మనుమని తనువునందు

‘తాతది’ తర్వాత ‘ప్రే’ వచ్చింది కదా, ‘ది’ గురువవుతుందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

కాదండీ. ‘తాతది’, ‘ప్రేమ’ రెండూ విడిమాటలు. తెలుగు మాట చివరి హ్రస్వం, తర్వాతి మాట సంయుక్తాక్షరంతో మొదలైనంత మాత్రాన గురువు కాదు. ఒకే సంస్కృత సమాసంలో ఉంటే అవుతుంది. ఇక్కడ గురువనుకున్నా ఇబ్బంది లేదు: భ-గణం ర-గణమవుతుంది, అదీ ఇంద్రగణమే.

అసలు లోపం మూడో పాదంలో ఉంది. ‘మురిసిన’, ‘చొక్కి’ రెండూ ఒకటే, పునరుక్తి. ఇలా మార్చి చూడండి:

చూచి యిరుగుపొరుగువారు చోద్య మనిరి

చూ–చో యతి చెల్లుతుంది. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. గణాలు: చూచి / యిరుగుపొ / రుగువారు / చోద్య / మనిరి. గణం మాట మధ్యలో విరిగినా దోషం లేదు.

రెండో పాదం బాగుంది. పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటే ‘తనువు’ ఉత్తదయ్యేది. నడక, చూపు తెచ్చి నిలబెట్టారు. ఒక మాట: తాత పేరే పెట్టిన ఇంట్లో కోడలు ఆ పేరుతో పిల్లవాణ్ణి పిలవదు. మామగారి పేరు నోట రాకూడదని ‘చిన్నయ్య’ అనో ‘బాబు’ అనో అంటుంది. ఆ ఇబ్బంది మీద మరో పద్యం కట్టవచ్చు.

పట్టుకండె (బరంపురం)

మగ్గమందున కుంభపు మార్గ మెఱిఁగి
అంచు నేసెడి చిఱుతని చేతులందు
పాత నైపుణి కదలాడె, పలికి రెల్ల
తాత పుట్టెను మనుమని తనువునందు

మహేంద్రతనయ

రెండో పాదంలో యతి తప్పింది. ‘అం’కూ ‘చే’కూ పొత్తు లేదు. ప్రాసయతి అందామంటే రెండో అక్షరాలు కలవాలి, మొదటివి రెండూ గురువులో రెండూ లఘువులో కావాలి. ‘అంచు–పంచ’ అయితే చెల్లేది, ‘అంచు–చేతు’ చెల్లదు.

‘మార్గ’మూ పలచగా ఉంది. భౌగోళిక సూచిక కింద నమోదైన బరంపురం పట్టుకు ‘ఫొడా కుంభ’ అన్నది పేరులోనే ఉంది. అంచు మీది కుంభం గుడి శిఖరంలా మెట్లుమెట్లుగా సన్నబడుతుంది. కింది మెట్టులో పోగుల లెక్క తప్పితే ఆ వంకర కొసదాకా పోతుంది, పైన సరిదిద్దడం కుదరదు. చిన్నవాడి చేతికి వచ్చిందని చెప్పాల్సింది ఆ లెక్క.

పట్టుకండె

‘మెట్టు లెఱిఁగి’ అనవచ్చా?

మహేంద్రతనయ

మ–మె కుదరదు. హల్లు కలిసినా అచ్చు కలవలేదు. ‘ఎ’కు ఇ, ఈ, ఏ, ఋ తోడు గాని ‘అ’ కాదు. ‘మలుపు’ వేయండి.

పట్టుకండె

మగ్గమందున కుంభపు మలుపు లెఱిఁగి
యంచు నేసెడి చిఱుతని యంగుళులను
పాత నైపుణి కదలాడె, పలికి రెల్ల
తాత పుట్టెను మనుమని తనువునందు

నిర్వాహకుడు

ఇప్పుడు తనువుకు వేళ్ళు వచ్చాయి. ‘పాత నైపుణి’ వైరిసమాసమేమోనని (సంస్కృత పదానికి తెలుగు పదం అతికించిన తప్పు సమాసం) ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా, కాదు. తెలుగు విశేషణం పక్కన తత్సమం (సంస్కృతం నుంచి వచ్చిన మాట) రావచ్చు. ‘వంశపేరు’ లాంటివే వైరిసమాసాలు.

వంశధార ఒడ్డు (గుణుపురం)

ఎఱుపు పచ్చల భేదము నెఱుఁగలేని
లోపమది తల్లి నొవ్వక లోన దాగి
కొడుకునకుఁ బంచి యిచ్చెను కూర్మిమీర
తాత పుట్టెను మనుమని తనువునందు

గంటం (బరంపురం)

ఊహకు వందనం. తనువుకు ఇంతకన్నా సూటి సమాధానం ఉండదు. కానీ శాస్త్రం ప్రకారం ఈ తాత ఏ తాతో పద్యం చెప్పాలి. ఎరుపు–పచ్చ వర్ణాంధత్వం కలిగించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై, కనుక నాన్న నాన్న నుంచి ఆ దారిలో మనుమడికి రాదు. అమ్మ నాన్నకు ఉన్న ఎక్స్ ఒక్కటే, అది కూతురికి తప్పక వెళ్తుంది. ఆమెకు రెండో ఎక్స్ బాగుంటే తనకు రంగులు తెలుస్తూనే ఉంటాయి. ఆమె కొడుకులు ఒక్కొక్కరికీ సగం అవకాశం. అంటే పూరణలోని తాత మాతామహుడు. మీ పద్యంలో ఎవరైనా కావచ్చు.

‘పంచి యిచ్చెను’కు కర్త ఎవరు? లోపమా, తల్లా? అన్వయం కుదరలేదు. ‘కూర్మిమీర’ యతి కోసం దిగిన అతిథి. లోపాన్ని ప్రేమగా పంచడం అనౌచిత్యం కూడా.

వంశధార ఒడ్డు

ఎఱుపు పచ్చల భేదము నెఱుఁగలేని
లోప మమ్మకు నాన్నది లోన దాగి
కొడుకు కన్నులఁ దోఁచెను, కుదిరె మాట
తాత పుట్టెను మనుమని తనువునందు

గంటం

‘అమ్మకు నాన్నది’తో చిక్కు తీరింది. ‘కుదిరె మాట’ సమస్యను సామెతలా నిలబెట్టింది. మొదటి పాదంలో ఎ–నె గురించి: ‘భేదమున్ + ఎఱుఁగ’, ద్రుతం (చివరి ‘న్’) మీద ఎక్కిన ‘ఎ’తో స్వరయతి, అంటే అచ్చుకు అచ్చుతో పొత్తు. చక్కగా చెల్లుతుంది.

కొత్తచేయి

ఇంకొకటి.

బడిని నొడియాయె యింటను పలక మీఁద
నచ్చ తెనుఁగును దిద్దించి యవ్వ నవ్వె
గుండ్రమగు వ్రాత చూచినఁ గురుతు వచ్చు
తాత పుట్టెను మనుమని తనువునందు

మహేంద్రతనయ

‘ఆయె యింటను’ తప్పు. ‘ఆయెన్’ ద్రుతాంతం, యడాగమం (నడుమ ‘య’ చేరడం) రాదు. ‘నొడియాయె నింటను’ అనండి. ‘దిద్దించి యవ్వ’ మాత్రం సరే, క్త్వార్థమైన (‘చేసి’, ‘చూచి’ వంటి మాటల చివరి) ఇకారానికి సంధి లేదు కాబట్టి యడాగమం. బ–ప యతి వర్గంలోదే.

గంటం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి బరంపురం, పర్లాకిమిడి అటు చేరాక, ఇక్కడ తెలుగు రాత బడికన్నా ఇంట్లోనే ఎక్కువ నిలిచింది. విషయం మనది. అయితే ‘గుండ్రమగు వ్రాత’తో తాత తెలుగును గురుతు పట్టలేం, ఒడియా అక్షరమూ గుండ్రమే. తాటాకు మీద గంటంతో అడ్డగీత లాగితే ఆకు ఈనె వెంట చీలుతుంది. రెండు లిపులూ గుండ్రబడడానికి అదే కారణమని లిపి చరిత్ర రాసేవారి మాట. తేడా కనిపించేది అక్షరం నెత్తిన. ఒడియాలో గొడుగులా వంపు, తెలుగులో తలకట్టు. పైగా రాత పలక మీద ఉంది, తనువు ఏదీ?

కొత్తచేయి

బడిని నొడియాయె నింటను పలక మీఁద
నచ్చ తెనుఁగును దిద్దించి యవ్వ నవ్వె
తలకుఁ గట్టెడి కట్టులోఁ దాత వ్రేలె
తాత పుట్టెను మనుమని తనువునందు

గంటం

‘తాత వ్రేలె’ (తాత వేలే)! తలకట్టూ వచ్చింది, తనువూ వచ్చింది.

రాలుగాయి (బరంపురం)

విరుపు మార్చి:

నీవు పద్యము చదివిన నిముసమందె
కనులు మెఱసెను, మాటలు కఱవు పడెను
పుస్తకము చేత నుండఁగఁ బులకరింత,
తాత! పుట్టెను మనుమని తనువునందు

నిర్వాహకుడు

‘తాత’ సంబోధన అయింది, పుట్టింది పులకరింత. పాత ఎత్తే గానీ నున్నగా దిగింది. అయితే మాట్లాడేది ఎవరు? మనుమడైతే ‘నా తనువు’ అనాలి. కూతురైతే ‘నాన్నా’ అంటుంది, కోడలైతే ‘మామయ్యా’. బయటివాళ్ళెవరో అనాలి.

రాలుగాయి

అనియెఁ బొరుగింటి చిన్నది “యందమైన
గళముతో నీవు పద్యము గట్టిగాను
పొంగి పాడంగ నొక్కటఁ బులకరింత,
తాత! పుట్టెను మనుమని తనువునందు”

మహేంద్రతనయ

వక్త కుదిరింది. ‘గట్టిగాను’లో ‘ను’ పాదపూరణకే వచ్చింది, ‘అందమైన గళం’ పక్కన ‘గట్టిగా’ కూడా ముతకగా ఉంది. మొదటి పూరణలోని ‘మాటలు కఱవు పడెను’ దీనికన్నా మంచి ముక్క. దాన్ని వదలకుండా పొరుగింటి చిన్నదాన్ని ఇరికించగలిగితే పంపండి.

నిర్వాహకుడు

ఈ పాదాన్నే ఎత్తుగీతి (సీసం కింద వచ్చే చిన్న పద్యం) చివర పెట్టి సీసం కట్టేవారు, సీసపాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు చూసుకోండి. పాదాన్ని రెండుగా విరిచి, ఒక్కో సగంలో మూడో గణం మొదట యతి. పోయినసారి వచ్చిన సీసాల్లో తప్పులన్నీ రెండో సగం యతిలోనే. ఆదివారం రాత్రిదాకా తీసుకుంటాం.