చెరువు అంచున పెరిగినది పొన్నగంటి కూరేనా?

ప్రశ్న: గండిపేట వైపు మా కాలనీ వెనుక ఒక చిన్న చెరువు ఉంది. వానలు తగ్గిన తరువాత దాని అలుగు పక్కన, కొంత ఒడ్డు మీద, కొంత నీళ్ళ మీద, పొన్నగంటి కూర వంటి మొక్క దట్టంగా అల్లుకుంది. ఆకులు ఎదురెదురుగా జతలుగా ఉన్నాయి, కణుపు కణుపుకూ వేళ్ళు దిగాయి, తెల్లటి పూలున్నాయి. మా నాయనమ్మ పొలం గట్ల నుంచి కోసుకొచ్చి పెసరపప్పుతో వండిన కూర ఇదేనని అనిపిస్తోంది. అయితే కాడ చిటికెన వేలంత లావుగా ఉండడం వల్ల అనుమానం కలిగింది. వండుకోవచ్చునా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: అమ్మా, కోసే ముందు అడిగి మంచి పని చేశారు. మీరు చెప్పిన ఆకుల జత, కణుపుల వేళ్ళు, తెల్ల పూలు రెండు మొక్కలకూ ఉంటాయి. ఒకటి మన పొన్నగంటి, అంటే ఆల్టర్నాంథెరా సెసైలిస్. రెండవది దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువులలో పాతుకుపోయిన అలిగేటర్ వీడ్, అంటే ఆల్టర్నాంథెరా ఫిలోక్సెరాయిడెస్. తేమను బట్టి పొన్నగంటి ఆకే సన్నగానూ వెడల్పుగానూ మారుతుంది కనుక, ఆకును చూసి తీర్పు చెప్పడం సరికాదు.

తేల్చేది పువ్వే. పొన్నగంటి పూలు ఆకు మొదట్లో, కణుపును అంటుకుని, కాడ లేకుండా చిన్న చిన్న గుత్తులుగా ఉంటాయి. సెసైలిస్ అనే లాటిన్ మాటకు అర్థం కూడా కూర్చుని ఉన్నదనే. అలిగేటర్ వీడ్‌లో సెంటీమీటరు అటూ ఇటూ ఉండే తెల్లటి కాగితపు బంతి వంటి పూగుత్తి, విడిగా ఒక పొడవాటి కాడ చివర నిలబడి ఉంటుంది. కాడను అడ్డంగా కోసి చూడడం కూడా ఉపయోగమే, నీళ్ళ మీద తేలే అలిగేటర్ వీడ్ కాడ లోపల బోలుగా ఉంటుంది. కానీ ఒడ్డు మీద పెరిగినప్పుడు అది సన్నబడి గట్టిగానూ ఉండవచ్చు కనుక, దానిని రెండవ సాక్ష్యంగానే తీసుకోండి. తూటికూర అయ్యే అవకాశం లేదు; దాని ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, కాడ తుంచితే పాలు కారతాయి.

మళ్ళీ ప్రశ్న: ఈ ఉదయం వెళ్ళి చూశాను. పూగుత్తి కాడ రెండు వేళ్ళ వెడల్పంత పొడవు ఉంది, లావు కాడ లోపల బోలుగా ఉంది. అయితే ఒడ్డు పైభాగంలో, పూలు కణుపుకు అంటుకుని ఉన్న సన్నటి మొక్కలు కూడా కనిపించాయి. వాటినైనా కోసుకోవచ్చునా?

సమాధానం: నీళ్ళ మీద ఉన్నది అలిగేటర్ వీడ్, పైభాగంలో ఉన్నది పొన్నగంటి. అయినప్పటికీ ఆ పొన్నగంటిని కూడా వండవద్దని గట్టిగా చెబుతున్నాను. నగరపు చెరువులలోకి ఇళ్ళ మురుగు, కొన్నిచోట్ల కార్ఖానాల నీరు కలుస్తాయి. నీటి అంచున పెరిగే ఆకుకూరలు సీసం, కాడ్మియం వంటి లోహాలను వేళ్ళతో పీల్చుకుని తమలో నిలుపుకోగలవు. ఉప్పునీటిలో కడిగినా, ఉడికించినా సూక్ష్మజీవులు తగ్గవచ్చును గాని ఆ లోహాలు పోవు. మీ నాయనమ్మగారు కోసినది పొలం గట్టు మీది కూర, ఈ నీరు ఆ నీరు కాదు.

మీరు తెంపి చూసిన అలిగేటర్ వీడ్ ముక్కలను మాత్రం కాలువలోనో కుండీలోనో పారవేయకండి. మన దేశంలో అది ప్రధానంగా కాడ ముక్కలతోనే వ్యాపిస్తుంది, ఒక్క కణుపున్న ముక్క తడి తగిలితే వేళ్ళు వేస్తుంది. పూర్తిగా ఎండబెట్టి చెత్తలో వేయండి.

కూర మీద మనసుంటే బజారులో ఒక కట్ట కొని, ఆకులు వండుకుని, ముదురు కాడలను రెండేసి కణుపులు ఉండేటట్లు తుంచి, ఒక కణుపు మట్టిలోకి దిగేలా కుండీలో గుచ్చండి. మట్టి ఆరకుండా చూసుకుంటే త్వరలోనే చిగురు వేస్తుంది. పూలు పూసినప్పుడు అవి కణుపుకు అంటుకునే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.