ఇరుంగాట్టుకోట్టైలో మొదటి ట్రాక్ డే: 390 మీద 15 వేలు ఎక్కడ పెట్టాలి?

వైట్‌ఫీల్డ్_డ్యూక్

అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో చెన్నై ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ట్రాక్ డేకి (సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకి) పేరిచ్చాను. బండి 2021 డ్యూక్ 390, 22 వేల కిలోమీటర్లు తిరిగింది, మొత్తం స్టాకే. టైర్లు స్పోర్ట్ టూరింగ్ రకం, వేసి ఆరు వేల కిలోమీటర్లు అయింది. బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో సర్వీస్ బుక్కులో రాసి లేదు. బెంగళూరు నుంచి బండి మీదే వెళ్లి, బండి మీదే తిరిగి రావాలని ప్లాన్.

లెదర్ సూటు అద్దెకి తీసుకుంటున్నాను, అది వేరే ఖర్చు. బండి మీద పెట్టడానికి 15 వేలు ఉంది. ఒక షాపువాళ్లు స్లిప్-ఆన్ ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్, మ్యాపు (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగు) కలిపి ఆ డబ్బులోకి తెస్తామంటున్నారు. చేయించనా? లేకపోతే మెత్తటి ట్రాక్ టైర్లు వేయించనా? టైర్ ప్రెషర్ ఎంత పెట్టాలి?

పిట్‌లేన్_పోరూరు

ఎగ్జాస్ట్ మాట మర్చిపోండి. ఆ ట్రాక్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. కొత్తవాళ్లకి టైమ్ పోయేది స్ట్రెయిట్‌లో కాదు, బ్రేక్ తొందరగా పట్టేసి మలుపులోకి బిగుసుకుపోయి దిగే చోట. ఉన్న 43 హార్స్‌పవర్‌లోనే మొదటి రోజు కొంత మిగిలిపోతుంది. పైగా ఆ సైలెన్సర్ వేసుకుని బెంగళూరులో తిరిగితే ట్రాఫిక్ పోలీసులతో ఇంకో గొడవ.

మీ పోస్టులో భయపెట్టే లైను ఒక్కటే, ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో తెలీదన్నది.

లెక్క వేసి చూడండి. బండి, మనిషి, గేర్ కలిపి 240 కిలోలు అనుకుందాం. ఊళ్లో 60 నుంచి సున్నాకి ఆపితే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 33 కిలోజౌళ్లు. ట్రాక్‌లో 150 నుంచి 60కి దించితే 175 కిలోజౌళ్లు, అంటే అయిదింతల పైమాటే. గాలి, ఇంజన్ బ్రేకింగ్ కొంత పంచుకున్నా మిగతాదంతా డిస్కు, ప్యాడ్ల మీదే పడుతుంది. మళ్లీ చల్లారేలోపే ఇంకో మలుపు వస్తుంది. 15, 20 నిమిషాల సెషనంతా ఇదే వరస.

డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరితే ఆ ప్రమాణం 155కి పడిపోతుంది. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180. పాత ఫ్లూయిడ్ క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) దగ్గర మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే రెండో సెషన్ దాకా గట్టిగా ఉన్న బ్రేక్ లివర్ మూడో సెషన్‌లో ఒక్కసారిగా గ్రిప్ దాకా వచ్చేస్తుంది. పాడాక్‌లో (సెషన్ల మధ్య బండ్లు ఆపుకునే చోట) చల్లారాక మళ్లీ మామూలుగానే ఉంటుంది. "చూశావా, బానే ఉంది" అనుకుని మళ్లీ ట్రాక్ ఎక్కడం చాలామంది చేసే పనే, అంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు.

మార్చే పద్ధతి ఇది. సీలు తీయని డాట్ 4 లేదా 5.1 కొనండి. మూత తీసి అల్మారాలో పెట్టిన సగం సీసా పనికిరాదు. డాట్ 5 మాత్రం ముట్టుకోవద్దు, అది సిలికాన్, మీ సిస్టమ్‌కి పడదు. ట్యాంకు మీద తడిగుడ్డ పరవండి, ఈ ఫ్లూయిడ్ పెయింటుని తినేస్తుంది. హ్యాండిల్ తిప్పి రిజర్వాయర్ సమంగా ఉండేలా చూసుకుని, మూత స్క్రూలని సరిపోయే స్క్రూడ్రైవర్‌తో గట్టిగా అదిమి తిప్పండి. వాటి తలలు ఇట్టే అరిగిపోతాయి. సిరంజితో పాత ఫ్లూయిడ్ లాగేసి కొత్తది పోయండి. క్యాలిపర్ బ్లీడర్‌కి (ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న స్క్రూకి) రింగ్ స్పానర్ పెట్టి, దాని మీద పారదర్శకంగా ఉండే ట్యూబు తొడిగి, రెండో చివర కాస్త ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచండి.

ఇక లివర్ నొక్కి పట్టుకోండి, బ్లీడర్ పావు చుట్టు వదలండి, లివర్ గ్రిప్ దాకా వెళ్లాక బ్లీడర్ బిగించండి, ఆ తర్వాతే లివర్ వదలండి. ఈ వరస తప్పితే గాలి వెనక్కి లాగేస్తుంది. రిజర్వాయర్ ఎప్పుడూ కనీస గీత కిందికి పోకూడదు. ట్యూబులో టీ రంగు పోయి తేటగా వచ్చేదాకా కానివ్వండి. ముందు బ్రేకుకి 150 మిల్లీలీటర్లు సరిపోతాయి. వెనక బ్రేకు వేరే సర్క్యూట్, దానికి మళ్లీ మొదటి నుంచీ.

ప్యాడ్లు కూడా విప్పి చూడండి. మెటీరియల్ 2 ఎంఎం దగ్గరికి వస్తే మార్చేయండి. పలచబడ్డ ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగా పిస్టన్‌కి, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌కి పంపిస్తుంది. కొత్తవి వేస్తే ట్రాక్‌కి వెళ్లకముందే బెడ్ చేయాలి, అంటే డిస్కుకి కుదిరేలా అరగదీయాలి: ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి పది పన్నెండు సార్లు, ప్రతిసారీ కొంచెం గట్టిగా, పూర్తిగా ఆగకుండా.

గిండీ_రబ్బర్

టైర్ల సంగతి నేను చెప్తాను.

ట్రాక్ టైర్లు వద్దు. మెత్తటి కాంపౌండ్ వేడెక్కితేనే పట్టు ఇస్తుంది. కొత్తలో మీ స్పీడుకి అంత వేడెక్కదు. హైవే మీద వచ్చిపోయే 600 కిలోమీటర్లలో నడిమధ్య భాగం చదునైపోతుంది, అంచులు మాత్రం కొత్తగానే ఉండిపోతాయి. ఉన్న టైర్లలో చూడాల్సినవి మూడు. పక్కగోడ మీద నాలుగంకెల తయారీ తేదీ (2321 అని ఉంటే 2021లో 23వ వారం), మధ్యలో చదును, పంచర్ ప్లగ్గు. ప్లగ్ వేసిన టైరుతో ట్రాక్ ఎక్కొద్దు, చాలాచోట్ల స్క్రూటినీలోనే (ట్రాక్ ఎక్కేముందు బండి తనిఖీలోనే) ఆపేస్తారు.

ప్రెషర్‌కి ఒకే అంకె చెప్పేవాళ్లని నమ్మకండి. చల్లగా 30 డిగ్రీల దగ్గర 28 పీఎస్‌ఐ పెట్టారనుకోండి. లోపలి గాలి ప్రతి 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.4 పీఎస్‌ఐ పెరుగుతుంది. 70 డిగ్రీలకి వెళ్తే 28 కాస్తా 34 దాకా వస్తుంది. అందుకే రోడ్డు ప్రెషర్‌తోనే దిగితే మధ్యాహ్నానికి టైరు బంతిలా ఉబ్బి, నేలకి ఆనే భాగం తగ్గి, జారుడు మొదలవుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, అక్కడి గాలి ఒత్తిడి చెన్నై కన్నా సుమారు 1.5 పీఎస్‌ఐ తక్కువ. గేజ్ చూపించేది బయటి గాలితో తేడానే కాబట్టి, బెంగళూరులో 30 కొట్టించిన టైరు అదే ఉష్ణోగ్రతలో చెన్నైలో 28.5 చూపిస్తుంది. చెన్నై వేడి ఆ లోటులో కొంత పూడుస్తుంది, మొత్తం కాదు. పెట్రోల్ బంకు గేజులు ఒక్కోటి ఒక్కో మాట చెప్తాయి. సొంత గేజ్ ఒకటి కొనుక్కుని, మొదటి నుంచీ చివరిదాకా దాంతోనే కొలవండి.

రోడ్డు మీద కంపెనీ ప్రెషరే. ట్రాక్‌కి చేరాక, పొద్దున బండి నీడలో చల్లగా ఉండగా, ముందూ వెనకా 2, 3 పీఎస్‌ఐ తగ్గించండి. మొదటి సెషన్ అయి పిట్‌లోకి రాగానే, హెల్మెట్ తీయకముందే కొలవండి. చల్లని అంకె కన్నా 5, 6 పెరిగి ఉంటే ఇంకో ఒకటి తగ్గించండి. 2 కూడా పెరగలేదంటే మీరింకా టైరుని కష్టపెట్టట్లేదని అర్థం, అప్పుడు అలాగే వదిలేయండి. సాయంత్రం టైరు పూర్తిగా చల్లారాకే మళ్లీ రోడ్డు ప్రెషర్‌కి నింపాలి. ఇది మర్చిపోయి హైవే ఎక్కొద్దు.

చైన్‌లూబ్

పోరూరు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మిగిలిన డబ్బుతో ముందు బ్రేకుకి స్టీల్ బ్రెయిడెడ్ హోసులు వేయించేయండి. ఫేడ్ (వేడికి బ్రేకు పట్టు పోవడం) సమస్యే ఉండదు.

పిట్‌లేన్_పోరూరు

అక్కడ తేడా ఉంది బ్రదర్. రబ్బరు హోసు ఒత్తిడికి కొంచెం ఉబ్బుతుంది, బ్రెయిడెడ్ ఉబ్బదు, కాబట్టి లివర్ గట్టిగా తగులుతుంది. అంతవరకే. లోపలి ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా మారదు. పాత ఫ్లూయిడ్‌తో బ్రెయిడెడ్ వేస్తే గట్టి లివర్‌తో మొదలై అదే మూడో సెషన్‌లో అదే గ్రిప్ దాకా వస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఏబీఎస్ బండికి మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర ఫ్లూయిడ్‌ని తోసే భాగం) నుంచి మాడ్యులేటర్‌కి (ఏబీఎస్ పంపు యూనిట్‌కి) ఒక హోసు, అక్కడి నుంచి క్యాలిపర్‌కి ఇంకోటి వెళ్తాయి. చవగ్గా దొరికే కొన్ని కిట్లు నేరుగా మాస్టర్ నుంచి క్యాలిపర్‌కే వెళ్తాయి, అంటే ఏబీఎస్ తీసేసినట్టే. మొదటి ట్రాక్ డేకి ఏబీఎస్ ఉండి తీరాలి. సూపర్‌మోటో మోడ్ (వెనక చక్రానికి ఏబీఎస్ ఆపేసేది) కూడా వద్దు.

వైట్‌ఫీల్డ్_డ్యూక్

అన్నలూ, చాలా థ్యాంక్స్. ఎగ్జాస్ట్ క్యాన్సిల్. ఫ్లూయిడ్ డాట్ 5.1 వేశాను, పాతది నిజంగానే డికాషన్ రంగులో వచ్చింది. ముందు ప్యాడ్లు కొత్తవి. కానీ ఇప్పుడు లివర్ కొంచెం స్పాంజిలా ఉంది. రెండుసార్లు పంప్ చేస్తే గట్టిపడుతుంది, అర నిమిషం ఆగితే మళ్లీ మెత్తన. ట్యూబులో బుడగలు మాత్రం రావట్లేదు. ఏం చేయాలి?

పిట్‌లేన్_పోరూరు

పంప్ చేస్తే గట్టిపడటం అంటే లోపల ఎక్కడో గాలి ఉంది. కింద బ్లీడర్‌లో రావట్లేదంటే పైనే ఇరుక్కుంది. ఎక్కువసార్లు అది మాస్టర్ సిలిండర్ దగ్గర బాంజో బోల్ట్ (హోసుని దానికి బిగించే బోల్ట్) వంపులో ఉంటుంది, ఎందుకంటే బుడగ పైకే పోతుంది, మీరు దాన్ని కిందికి తోస్తున్నారు.

బండి సైడ్ స్టాండ్ మీద పెట్టి హ్యాండిల్ ఎడమకి తిప్పండి, కుడివైపు మాస్టర్ సిలిండర్ అన్నిటికన్నా ఎత్తులోకి వస్తుంది. బాంజో చుట్టూ గుడ్డ చుట్టి, లివర్ నొక్కి పట్టి, బోల్టుని ఒక్క పిసరు వదలండి. బుసమని బుడగలతో ఫ్లూయిడ్ వస్తుంది. లివర్ వదలకముందే బిగించండి. రెండు మూడు సార్లు చాలు. చివర్లో మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించి, ఫ్లూయిడ్ పడిన చోటంతా నీళ్లతో కడిగేయండి. ఆ బోల్ట్ మొత్తం విప్పాల్సి వస్తే రెండు వైపులా వాషర్లు కొత్తవి వేయాలి, పాతవి మళ్లీ వేస్తే చెమ్మ కారుతుంది.

తర్వాత లివర్‌ని జిప్ టైతో గ్రిప్‌కి కట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున టై తీసి, లివర్ని వేలితో సగం సెంటీమీటరు మేర ఇరవై సార్లు మెల్లగా ఆడిస్తే మిగిలిన చిన్న బుడగలు రిజర్వాయర్‌లోకి తేలతాయి, మూత తీసి చూస్తే కళ్లకి కనిపిస్తాయి కూడా.

దానికీ లొంగకపోతే గాలి ఏబీఎస్ మాడ్యులేటర్‌లో ఉన్నట్టు. సర్వీస్ సెంటర్‌లో డయాగ్నస్టిక్ టూల్ పెట్టి పంపుని తిప్పిస్తూ బ్లీడ్ చేయించాలి. ఒకటి మర్చిపోయాను, ప్యాడ్లు కొత్తవన్నారు కదా, బెడ్ కాకముందు కూడా లివర్ కొంచెం మెత్తగా తగులుతుంది. కానీ ఆగితే మళ్లీ మెత్తబడటం దాని లక్షణం కాదు.

గిండీ_రబ్బర్

మిగతావి గబగబా చెప్తాను.

హెడ్‌లైట్, ఇండికేటర్ల మీద పేపర్ టేపు వేయమంటారు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లన్నిటికీ హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, టేపు కింద వేడి ఇరుక్కుంటుంది. కప్లర్ ఊడదీసి టేపు వేయండి. ఫ్యూజ్ తీద్దామనుకుంటే ముందు అది ఇంకా వేటికి పనిచేస్తుందో చూసుకోండి. అద్దాలు, నంబర్ ప్లేటు విప్పాలి. ఆ స్క్రూలన్నీ ఒక డబ్బాలో వేసుకోండి.

చైను మరీ బిగించొద్దు. సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు చైను ఇంకా బిగుస్తుంది, బిగువు ఎక్కువైతే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద పడుతుంది. చక్రం తిప్పుతూ అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటే కొలవాలి.

హెల్మెట్ పట్టీ డబుల్ డి-రింగ్ ఉండాలి. క్లిక్‌మనే బకిల్‌ని చాలామంది నిర్వాహకులు ఒప్పుకోరు. సూటు అద్దెకి తీసుకునేటప్పుడు నిలబడి కాదు, బండి మీద కూర్చుని చూసుకోండి. నిలబడితే కొంచెం ఇరుగ్గా అనిపించేదే సరైన సైజు.

చైన్‌లూబ్

బ్రెయిడెడ్ విషయంలో ఒప్పుకుంటాను. కానీ బండి మీదే తిరిగి వస్తానన్న ప్లాన్ మార్చుకోండి. చిన్న లోసైడ్‌కే (మలుపులో చక్రం జారి పక్కకి పడిపోతేనే) క్లచ్ లివరో, ఫుట్‌పెగ్గో విరుగుతుంది. రెండు లివర్లు స్పేర్ పట్టుకెళ్లండి, బ్యాగులో పడతాయి. పెగ్గు బ్రాకెట్ విరిగితే మాత్రం బండి నడవదు. ఇంకో ఇద్దరు బెంగళూరువాళ్లతో కలిసి ఒక పికప్ మాట్లాడుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. తమిళంవాళ్లు కుట్టి యానై అనేది, అదే టాటా ఏస్ అయినా సరే, కానీ దాంట్లో రెండు బండ్లే సుఖంగా పడతాయి. ఫ్రంట్ ఫోర్కుని అడుగుదాకా నొక్కి కట్టొద్దు, సగం ప్రయాణం నొక్కితే చాలు, లేకపోతే ఆయిల్ సీళ్లు పోతాయి.

ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి చదవండి. వాడకం పరిమితుల్లో ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కి వర్తించదని ఉంటుంది. ట్రాక్‌లో పడితే బండి ఖర్చు మీదే అనుకుని, మిగిలిన డబ్బులో కొంత దానికి పక్కన పెట్టుకోండి. అక్కడికీ మిగిలితే ఫ్రేమ్ స్లైడర్లు (పడినప్పుడు బండిని కాపాడే పక్క దిమ్మలు).

వైట్‌ఫీల్డ్_డ్యూక్

బాంజో దగ్గరే ఉంది అన్నా. రెండోసారి వదలగానే బుసమంది, లివర్ రాయిలా అయింది. పికప్‌కి ఇంకొకరు దొరికారు. బండి ఎక్కించేటప్పుడు గేర్‌లో పెట్టాలా, న్యూట్రల్‌లోనా?

చైన్‌లూబ్

ఫస్ట్ గేర్. సైడ్ స్టాండ్ మీద కట్టొద్దు, నిటారుగా నిలబెట్టి, ముందు చక్రం క్యాబిన్ గోడకి ఆనించి నాలుగు పట్టీలు. కృష్ణగిరి దగ్గర టీకి ఆగినప్పుడు ఒకసారి పట్టీలు మళ్లీ లాగి చూడండి, మొదటి గంటలోనే అవి వదులవుతాయి.