తళ్ళికోటలో రాయలవారు ఏడుస్తున్న మీమ్: నవ్వి ఊరుకోవాలా?

చరిత్ర అధ్యాపకురాలు, తిరుపతి:

ఈ చర్చ మొదలుపెట్టడానికి కారణం ఒక జవాబు పత్రం. నేను డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. విజయనగర పతనానికి కారణాలు రాయమన్న ప్రశ్నకు ఒక అమ్మాయి ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా మొదలుపెట్టింది: తళ్ళికోట యుద్ధంలో శ్రీకృష్ణదేవరాయలు ఓడిపోయి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. బాగా చదివే పిల్ల. పిలిచి అడిగితే ఫోను తీసి చూపించింది. ఒక సినిమా నటుడి ఏడుపు ముఖం, తల మీద అతికించిన కిరీటం, పక్కన భుజాల మీద చేతులు వేసుకొని నవ్వుతున్న నలుగురు. కింద "నలుగురు సుల్తానులు ఒకే వాట్సాప్ గ్రూపులో చేరారని తెలిసినప్పుడు రాయలవారు" అని ఉంది. చూడగానే నాకూ నవ్వు వచ్చింది. మరుక్షణమే దిగులు వేసింది.

రాయలవారు కన్నుమూసింది 1529లో. తళ్ళికోట యుద్ధం జరిగింది 1565 జనవరిలో. మధ్యలో 35 ఏళ్ళకు పైగా గడిచాయి. అప్పుడు సింహాసనం మీద పేరుకు ఉన్నది సదాశివరాయలు. అధికారం చేతిలో పెట్టుకున్నదీ, ఆ యుద్ధంలో తల పోగొట్టుకున్నదీ అళియ రామరాయలు. ఇదంతా తరగతిలో చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది కూడా. పరీక్షలో మాత్రం బొమ్మే గుర్తొచ్చింది.

సంవత్సరం తప్పుపోతే దిద్దవచ్చు. కథ తప్పుపోతే దిద్దడం కష్టం. ఆ నలుగురిలో ఒకడైన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా, రాజు కాకముందు ఏడేళ్ళపాటు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. తెలుగు కవులను ఆదరించాడు. మన కవులు ఆయనను ముద్దుగా మల్కిభరాముడు అన్నారు. అన్నం పెట్టిన ఇంటి మీదికి అలాంటివాడు కత్తి పట్టుకొని రావలసిన పరిస్థితి ఎందుకు వచ్చింది? సుల్తానులను ఒకరి మీదికి ఒకరిని ఎగదోస్తూ వచ్చిన రామరాయల ఎత్తులు చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఏడుపు ముఖం పెట్టగానే ఇదంతా రెండు మతాల కొట్లాటగా మారిపోతుంది. ఆ మీమ్ కింద వ్యాఖ్యలన్నీ అలాగే ఉన్నాయి.

సామ్రాజ్యాల మీద, రాజుల మీద వస్తున్న ఈ మీమ్‌లు పిల్లలను చరిత్ర దగ్గరికి తెస్తున్నాయా, దూరం చేస్తున్నాయా? దూరమే చేస్తున్నాయని నా నమ్మకం. కాదనేవారు చెప్పండి.

మీమ్‌లు తయారు చేసేవాడు, చంద్రగిరి:

నమస్కారం మేడమ్. ఆ ఏడుపు బొమ్మ నాది కాదు, కానీ ఆ పని నేనూ చేస్తాను కాబట్టి జవాబు చెప్పాలి. మా ఇంటి నుంచి కోటకు నడిచి వెళ్ళవచ్చు. చిన్నప్పుడు బడివాళ్ళు రాజమహల్‌లోని మ్యూజియానికి తీసుకెళ్ళి, ఒకరి చొక్కా ఒకరు పట్టుకోమని, అటు నుంచి ఇటు నడిపించి బయటికి తెచ్చారు. ఆ రోజు గురించి నాకు గుర్తున్నది ఎండ ఒక్కటే. 2023లో రోమన్ సామ్రాజ్యం మీమ్‌లు ప్రపంచమంతా తిరిగాయి. మగవాళ్ళు ఎంత తరచుగా రోమ్ గురించి ఆలోచిస్తారో ఇంట్లో ఆడవాళ్ళు అడిగి, జవాబు విని ఆశ్చర్యపోయేవారు. అది చూసి నాకు సిగ్గనిపించింది. రోమ్ సంగతి నాకు నాలుగు ముక్కలు తెలుసు, మా వీధి చివర ఉన్న విజయనగర రాజుల రాజధాని గురించి ఒక్క ముక్క తెలియదు. అప్పుడు మొదలుపెట్టాను చదవడం.

నా మీమ్‌లలో బాగా తిరిగింది నూనె మీమ్. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాయలవారి దినచర్య రాశాడు. తెల్లవారకముందే నువ్వుల నూనె తాగడం, ఒళ్ళంతా నూనె పట్టించుకోవడం, బరువులు ఎత్తడం, చెమటతో నూనె కారిపోయేదాకా కత్తి తిప్పడం, మల్లుడితో కుస్తీ, ఆ తరువాత గుర్రపు స్వారీ. నేను ఒకవైపు జిమ్‌లో చేరిన మొదటి రోజే ప్రొటీన్ డబ్బాతో ఫొటో దిగుతున్న అబ్బాయిని పెట్టాను. ఇంకోవైపు రాయలవారు, "నూనె తాగావా నాయనా?" అని అడుగుతూ. దాని కింద ఎంతమంది అడిగారో! ఇది నిజమేనా, పేస్ ఎవరు, ఆయన రాసింది ఎక్కడ దొరుకుతుంది అని. మరోసారి పెళ్ళి సుంకం మీద చేశాను. ఆ కాలంలో పెళ్ళి చేసుకుంటే పన్ను కట్టాలి. రాయల కాలంలో కొన్ని సీమల్లో ఆ పన్ను ఎత్తివేసినట్టు శాసనాలు ఉన్నాయి. పెళ్ళికొడుకు పల్లకీ దిగి శాసనానికి దండం పెడుతున్నట్టు బొమ్మ వేశాను. పిల్లలు శాసనం అంటే ఏమిటో అడిగింది ఆ రోజే.

పైగా ఇది మనకు కొత్త కాదు. తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకొనే కథలలో జరిగినవి ఎన్ని? చాటుపద్యాలు రాసిందెవరో తేలుతుందా? ఒకరి పద్యం మరొకరి పేరు మీద, ఊరూరికీ ఒక మార్పుతో, నోటి నుంచి నోటికి తిరిగాయి. రాజును చూసి జనం నవ్వుకున్న నవ్వే అది. మా చేతిలో ఫోను ఉంది, అంతే తేడా.

విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు:

నాయనా, నీ చదువు మెచ్చుకోదగినదే. కానీ ఎవరిని చూసి నవ్వుతున్నామో కాస్త ఆలోచించు. రాయలవారు ఏడుసార్లు తిరుమల కొండకు వచ్చారు. 1514లో ఉదయగిరి గెలిచి నేరుగా వచ్చి, 30 వేల బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేయించారు. మా తాతగారు "రాయలవారు" అనే అనేవారు, ఏకవచనంలో ఒక్కసారైనా అనగా వినలేదు. అటువంటి మహారాజును ప్రొటీన్ డబ్బా పక్కన నిలబెట్టడం నా మనసుకు నచ్చలేదు.

చరిత్ర అధ్యాపకురాలు, తిరుపతి:

సార్, మీ గౌరవాన్ని కాదనను. కానీ కొండ మీద గుడిలోకి అడుగుపెట్టగానే కుడివైపున ఉన్న ప్రతిమా మండపాన్ని ఒక్కసారి గుర్తుచేసుకోండి. తిరుమలదేవి, చిన్నాదేవి ఇరువైపులా ఉండగా రాయలవారు చేతులు జోడించి నిలుచున్నారు. భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. దర్శనం తొందరలో అటు తల తిప్పి చూసేవాళ్ళే తక్కువ. వచ్చేపోయే జనం మధ్య మామూలు భక్తుడిలా నిలబడాలని కోరుకున్న మనిషికి ఒక నవ్వు వల్ల వచ్చే లోటు లేదు. నూనె మీమ్ చూసి నేనూ సంతోషించాను. పేస్ రాసిన దాన్ని అది మార్చలేదు.

తమ్ముడూ, నా భయం వేరు. నవ్వు కొన్నాళ్ళకు గడ్డకట్టి నిజమైపోతుంది. నెపోలియన్ పొట్టివాడని ప్రపంచమంతా నమ్ముతుంది. ఆయన ఎత్తు దాదాపు 168 సెంటీమీటర్లు, ఆనాటి ఫ్రాన్సులో మామూలు ఎత్తే. ఫ్రెంచి అంగుళం ఇంగ్లీషు అంగుళం కంటే పెద్దది కావడం వల్ల లెక్క తారుమారైంది. దానికి తోడు ఇంగ్లండులో గిల్‌రే అనే వ్యంగ్య చిత్రకారుడు ఆయనను కాళ్ళు నేలకేసి కొట్టే బుడతడిగా గీసి పెట్టాడు. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ గీత చెరగలేదు. రొట్టె లేకపోతే కేకు తినమన్నదని ఫ్రాన్సు రాణి మరీ ఆంట్వానెట్‌ను ఈనాటికీ తిడుతున్నాం. ఏ రాకుమారి అన్నదో పేరు చెప్పకుండా ఆ మాటను రూసో అనే రచయిత తన ఆత్మకథలో రాసే నాటికి ఆమె ఆస్ట్రియాలో చిన్నపిల్ల. ఫ్రాన్సుకు వచ్చింది 1770లో. అనని మాట ఒక మనిషి మెడకు చుట్టుకుంది.

ఇక తెనాలి కథల సంగతి. మా అమ్మమ్మ ఆ కథ మొదలుపెట్టేటప్పుడు "అనగనగా" అనేది. ఆ మాట వినగానే ఇది కథ అని నాకు తెలిసిపోయేది. నీ మీమ్‌కు అనగనగా ఎక్కడుంది?

మీమ్‌లు తయారు చేసేవాడు, చంద్రగిరి:

ఆ మాట ఒప్పుకుంటున్నాను మేడమ్. ఇకమీద బొమ్మ మూలన సంవత్సరం, ఎవరు రాసిన దాన్నిబట్టి చేశానో వేస్తాను. కల్పన అయితే కల్పన అనే వేస్తాను.

కానీ ఎగతాళి మీమ్‌ల మీద ఉన్న కోపం పొగడ్త మీమ్‌ల మీద ఎందుకు లేదు? "వీధుల్లో రత్నాలు రాశులు పోసి అమ్మిన రోజులు, మళ్ళీ రావాలి" అని సింహం బొమ్మ, కత్తి, వెనక మంటలు. అది చూసి నవ్వు రాదు, కాబట్టి ఎవరూ అనుమానించరు. ఆ రత్నాలు కొన్నది ఎవరు? ఆ వీధి ఊడ్చిన మనిషి ఏం తిన్నాడు? నా మీమ్ తప్పయితే కింద పదిమంది నిలదీస్తారు. దాన్ని నిలదీస్తే ద్రోహి అంటారు.

చెరువు కింద సేద్యం చేసే ఆవిడ, పుత్తూరు:

ఈ తమ్ముడు అడిగిన దానికి నేను ఒకటి కలుపుతాను. మా అమ్మాయి ఎం.ఏ.లో తిరుమల శాసనాలు చదువుతోంది. ఆ పిల్ల ఇంటికి వచ్చినప్పుడల్లా చెబుతుంది, నేను పని చేసుకుంటూ వింటాను. రాయలూ, రాణులూ, వర్తకులూ స్వామికి ఇచ్చిన డబ్బులో చాలా భాగం ఊరికే హుండీలో పడి ఉండలేదట. దాన్ని దేవుడి ఊళ్ళలో చెరువులు, కాలువలు తవ్వించడానికి పెట్టారు. పెరిగిన పంటతో నైవేద్యం సాగింది. నైవేద్యంలో నాలుగో వంతు దాతకు దక్కేది. రాయలవారు కావ్యం రాస్తూ కూడా చెరువులు, కాలువలు పెంచమనీ, పేద రైతుకు పన్ను తగ్గించమనీ రాజులకు చెప్పారట. అది విన్న రోజు నాకు ఆయన మీద నిజమైన గౌరవం కలిగింది. కత్తి బొమ్మ చూసి ఎప్పుడూ కలగలేదు.

మా ఊరి చెరువు ఎవరు తవ్వించారో మాకు తెలియదు. తవ్వినవాళ్ళు మాత్రం మాలాంటివాళ్ళే. కట్ట మీద ఒండ్రు మోసిన ఆడదాని బొమ్మ ఒక్క మీమ్‌లో అయినా ఉందా? నవ్వించేదైనా సరే, పొగిడేదైనా సరే, అందులో రాజు తప్ప మనిషి ఉండడు. నా అభ్యంతరం అది.

వ్యాపారి, శ్రీకాళహస్తి:

అందరూ ఒక్క వైపే మాట్లాడుతున్నారు. ఆ పొగడ్త మీమ్‌లు పంచేవాళ్ళలో నేనొకడిని. ఒకే రాజు, ఒకే మాట, పనులు చకచకా జరిగేవి. ఐదేళ్ళకోసారి ఎన్నికలు, మధ్యలో ఆగిపోయే పనులు అప్పుడు లేవు. మంచి రాజు దొరికితే రాజరికమే మేలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. ఆ మాట అనడానికి సిగ్గుపడను.

చరిత్ర అధ్యాపకురాలు, తిరుపతి:

మీరు సూటిగా అన్నారు, నేనూ సూటిగానే చెబుతాను. మంచి రాజు దొరికితే అన్నారు. దొరికాడనే అనుకుందాం. చంద్రగిరి నుంచి, వేలూరు నుంచి పాలించిన వెంకటపతిరాయలు మంచి రాజే. తళ్ళికోట తరువాత చితికిన రాజ్యాన్ని 1586 నుంచి 28 ఏళ్ళు నిలబెట్టాడు. కొండ మీద రాయలవారి మండపంలోనే ఆయన విగ్రహమూ ఉంది. ఆయన 1614లో కన్నుమూశాడు. తన తరువాత రాజుగా అన్న కొడుకు శ్రీరంగరాయలను నిర్ణయించి మరీ పోయాడు. ఏమైంది? జగ్గరాయుడనే సామంతుడు వేరొక పిల్లవాడిని ముందుకు తెచ్చాడు. శ్రీరంగరాయలను భార్యాబిడ్డలతో సహా చెరలో పెట్టి, చివరికి అందరినీ చంపించాడు. దేశమంతా రెండుగా చీలి కొట్టుకుంది. ఎన్నికలు లేవు నిజమే. ఒక కొడుకు మాత్రం బతికాడు. శ్రీరంగరాయల పక్షాన నిలిచిన వేలుగోటి యాచమనాయకుడి పన్నాగంతో ఒక చాకలి ఆ కుర్రవాడిని మైల బట్టల మూటలో దాచి కావలివాళ్ళ మధ్య నుంచి బయటికి మోసుకొచ్చాడని 1616 నాటి పోర్చుగీసు మతగురువు బరడాస్ లేఖలో ఉంది. ఆ పిల్లవాడే తరువాత రామదేవరాయలుగా రాజయ్యాడు.

ఒక రాజ్యం ఒక బట్టల మూట మీద ఆధారపడింది. మీరు మళ్ళీ రావాలంటున్నది ఆ ఏర్పాటు.

విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు:

అమ్మ చెప్పినది నిజం. మా చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలోనే 1782 డిసెంబరులో హైదర్ అలీ పోయాడు. కొడుకు టిప్పు మలబారు నుంచి చేరుకొనేదాకా ఆ మాట సైన్యానికి పొక్కనివ్వలేదు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా పెట్టెలాగా కోలారుకు పంపారు. చావును దాచుకొంటే తప్ప నిలవని పాలన అది. రాయలవారి మీద నా గౌరవం చెక్కుచెదరదు. రాజరికం కావాలని మాత్రం నేను అనను.

వ్యాపారి, శ్రీకాళహస్తి:

వెంకటపతిరాయల తరువాత జరిగింది నాకు తెలియదు. ఆలోచించుకోవాలి. మీ అందరి మాటకూ ఇప్పటికిప్పుడు తల ఊపలేను. ప్రజల ఓటుతో వచ్చినవాళ్ళూ చెరువులు పూడ్చి ఇళ్ళ స్థలాలు చేశారు కదా.

చెరువు కింద సేద్యం చేసే ఆవిడ, పుత్తూరు:

పూడ్చారు. అర్జీ పెట్టాం, ధర్నా చేశాం, మా వైపు ఆపించాం. ఆ రోజుల్లో అయితే ఎవరి ముందు కూర్చునేవాళ్ళం?

మీమ్‌లు తయారు చేసేవాడు, చంద్రగిరి:

మేడమ్, ఆ చాకలి పేరు బరడాస్ రాశాడా? ఈ వారం ఆయన బొమ్మే వేద్దామనుకుంటున్నాను. రాజుల పేర్లు నాలుగు, ఆయన పేరు ఎక్కడా కనిపించలేదు. ముఖం ఎవరిది పెట్టను?

చరిత్ర అధ్యాపకురాలు, తిరుపతి:

నేను చదివినంతలో పేరు లేదు తమ్ముడూ. ఏ నటుడి ముఖమూ పెట్టకు. కోట గుమ్మం, ఇద్దరు కావలివాళ్ళు, వీపు మీద మూటతో నడిచిపోతున్న మనిషిని వెనక నుంచి వెయ్యి. మూలన 1614 అని వెయ్యడం మరిచిపోకు.