200 సీట్ల రీడింగ్ హాల్, మధ్యాహ్నానికి సగం ఖాళీ. లోపం ఎక్కడ?

పీజీ_సెక్షన్: యూనివర్సిటీ లైబ్రరీలో కొత్త ఏసీ రీడింగ్ హాల్. గేటు రిజిస్టర్ ఘనంగానే ఉంది, నాక్‌కు (యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) చూపించేదీ అదే. కానీ మధ్యాహ్నం రెండు దాటితే కుర్చీలు ఖాళీ. ముందు ఏం చూడాలి?

కేటలాగ్: రిజిస్టర్ పక్కన పెట్టండి. వచ్చినవాళ్లెందరో చెబుతుంది గానీ ఎంతసేపు కూర్చున్నారో చెప్పదు. ఫ్లోర్ ప్లాన్ జిరాక్సులు తీసి, వారం పాటు గంటకోసారి హాలంతా తిరిగి నిండిన సీట్లకు టిక్ పెట్టండి. బ్యాగు మాత్రమే ఉంటే వేరే గుర్తు. ప్లగ్‌లున్న గోడ వెంట నిండి, మధ్య వరుసలు ఖాళీగా ఉంటే కారణం దొరికినట్టే. బ్యాటరీ అయిపోయి హాస్టల్‌కి వెళ్లినవాళ్లు ఆ పూటకి తిరిగి రారు.

ఎంసీబీ: అలాగని ఎక్స్‌టెన్షన్ బాక్సులు లాగకండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ 65 వాట్లు అనుకుంటే 20 కలిసి 1300 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది 5.7 ఆంపియర్లు, అంటే 6 ఆంపియర్ల బాక్సు అంచుకొచ్చినట్టే. ఎవరైనా కెటిల్ పెట్టారా, ఇక అంతే. 20 సీట్లకో సర్క్యూట్, 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) వేయించండి. సాకెట్లు బల్ల అంచుకే ఉండాలి. నేలలో పెడితే తడిగుడ్డ పెట్టినప్పుడల్లా నీళ్లు దిగుతాయి.

గాలి_వెలుతురు: స్ప్లిట్ ఏసీలు ఉన్న గాలినే తిప్పుతాయి, బయటిగాలి తేవు. మూడింటికి బల్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టి చూడండి. 1000 పీపీఎం బాగా దాటితే మధ్యాహ్నం ఆవలింతలు భోజనం వల్ల మాత్రమే కాదు. కిటికీ పైరెక్కలు తెరిచి, ఎదురుగోడకి ఎగ్జాస్ట్ పెట్టించండి. వెలుతురు బల్ల మీద 300 లక్స్‌కు తగ్గకూడదు. అమ్మాయిల టాయిలెట్ పక్క బ్లాకులో ఉంటే మాత్రం ఇవన్నీ తర్వాత, ముందు అది.

పీజీ_సెక్షన్: సొంత పుస్తకాలు లోపలికి రానివ్వరు. పోటీ పరీక్షలవాళ్లు హాలు ఆక్రమిస్తారని, లైబ్రరీ పుస్తకాలు పోతాయని అంటున్నారు.

కేటలాగ్: అసలు తాళం అక్కడే ఉంది! గ్రూప్స్‌కి చదివేవాళ్లు మీ విద్యార్థులే కదా. సొంత పుస్తకాలకి లోపలికొచ్చేటప్పుడే సంఖ్య రాసి రంగు స్లిప్ ఇవ్వండి, వెళ్లేటప్పుడు సరిచూడండి. ఆర్ఎఫ్ఐడీ గేటుంటే (పుస్తకంలోని ట్యాగును రేడియో తరంగాలతో పసిగట్టేది) అదీ అక్కర్లేదు, ట్యాగు ఉన్నవి లైబ్రరీ పుస్తకాలే కాబట్టి మోగేది వాటికే.