డాక్టర్స్ డెసిషన్ టు రెస్ట్ అంటే రెస్ట్ ఎవరికి? ఓఈటీ లెటర్‌లో ఈ "టు" దగ్గర ఆగిపోతున్నా

స్టాఫ్‌నర్స్_వరంగల్:
అందరికీ నమస్కారమండి. నేను ఎనిమిదేళ్ళ నుంచి స్టాఫ్ నర్స్‌ని, ఇప్పుడు యూకే వెళ్దామని ఓఈటీకి, అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్షకి, ప్రిపేర్ అవుతున్నా. లిజనింగ్, స్పీకింగ్ పర్వాలేదు, రైటింగ్‌లో కేస్ నోట్స్ ఇచ్చి లెటర్ రాయమంటారు కదా, అక్కడే దెబ్బ తింటున్నా. నిన్నటి లెటర్‌లో సార్ మూడు చోట్ల ఎర్ర పెన్ను పెట్టారు. "ది పేషెంట్స్ ఎబిలిటీ ఆఫ్ వాకింగ్" అని రాస్తే ఎబిలిటీ టు వాక్ అని దిద్దారు. ఓహో టు పెట్టాలన్నమాట అనుకుంటే, కింద "హర్ హ్యాబిట్ టు స్కిప్ మీల్స్" అని రాసింది కొట్టేసి హ్యాబిట్ ఆఫ్ స్కిప్పింగ్ అన్నారు. మూడోది "ది డాక్టర్స్ డెసిషన్ టు రెస్ట్ ఫర్ టూ వీక్స్". డాక్టర్ గారు పేషెంట్‌ని రెండు వారాలు రెస్ట్ తీసుకోమన్నారు, నేను చెప్పాలనుకున్నది అదే. సార్ పక్కన "రెస్ట్ ఎవరికి?" అని రాసి వదిలేశారు. బ్యాచ్‌లో చాలామంది ఉంటారు, ఆగి అడిగే వీల్లేదు. బట్టీ పట్టడం కాదండీ, అసలు ఎలా ఆలోచించాలో ఎవరైనా చెప్తారా.

లెక్చరర్_ఏలూరు:
అమ్మా, మొదటి రెండింటికీ నేను పిల్లలకి చెప్పే దారి చెప్తాను. ఆ నౌన్ ఏ మాటలోంచి పుట్టిందో చూడండి. డిసైడ్ టు అంటాం, కాబట్టి డెసిషన్ టు. రిఫ్యూజ్ టు, రిఫ్యూజల్ టు. ఫెయిల్ టు, ఫెయిల్యూర్ టు. ఏబుల్ టు, ఎబిలిటీ టు. విల్లింగ్ టు, విల్లింగ్‌నెస్ టు. తల్లి మాటకి ఉన్న టు పిల్ల మాటకీ వస్తుంది, పని చేసే మనిషి మాత్రం ముందుకొచ్చి అపాస్ట్రఫీ ఎస్ తగిలించుకుంటాడు. "ది పేషెంట్ రిఫ్యూజ్డ్ టు టేక్ ఇన్సులిన్" అన్నది "ది పేషెంట్స్ రిఫ్యూజల్ టు టేక్ ఇన్సులిన్" అవుతుంది. హ్యాబిట్, రిస్క్ లాంటివాటికి వెనక అలాంటి టు లేదు, అందుకే ఆఫ్ పెట్టి ఐఎన్‌జీ. అయితే "ఇట్ ఈజ్ హర్ హ్యాబిట్ టు స్కిప్ మీల్స్" అని పూర్తి వాక్యం రాస్తే తప్పు కాదు, అక్కడ ఆ టు హ్యాబిట్‌ని పట్టుకుని లేదు, ముందున్న ఇట్‌కి అర్థం చెప్తోంది.

భాషాశాస్త్రం_పీజీ:
లెక్చరర్ గారూ, మీరు చెప్పింది చాలా చోట్ల పనిచేస్తుంది గానీ అన్ని చోట్లా కాదండి, అక్కకి వార్డులో రోజూ ఎదురయ్యే మాటలే రెండు తప్పుకుంటాయి. "షి అపియర్డ్ టు బి ఇన్ పెయిన్" బాగానే ఉంది, "హర్ అపియరెన్స్ టు బి ఇన్ పెయిన్" మాత్రం ఎవరూ అనరు. "షి ఈజ్ లైక్లీ టు ఫాల్" సరే, "హర్ లైక్లీహుడ్ టు ఫాల్" కుదరదు, "హర్ రిస్క్ ఆఫ్ ఫాలింగ్" అనాలి. దీని మీద భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ 1970లో అచ్చయిన వ్యాసంలో ఉన్న ఉదాహరణ మా క్లాసులో అందరికీ గుర్తుండిపోయింది. "జాన్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్", "జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్", పైకి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ "జాన్స్ ఈగర్‌నెస్ టు ప్లీజ్" అనొచ్చు, "జాన్స్ ఈజీనెస్ టు ప్లీజ్" అనకూడదు. ఆత్రం జాన్ మనసులో ఉంది కాబట్టి అది జాన్‌ది అనగలం. తేలికవడం అతన్ని మెప్పించే పనికి సంబంధించింది, అతని సొత్తు కాదు. అలాగే నొప్పిగా ఉన్నట్టు అనిపించడం చూసేవాళ్ళ సంగతి, పడిపోవచ్చు అన్నది మన అంచనా, రెండూ పేషెంట్ మనసులోవి కావు. అందుకే అక్కడ పేషెంట్‌కి అపాస్ట్రఫీ ఎస్ తగిలించి టు పెట్టలేం.

స్టాఫ్‌నర్స్_వరంగల్:
తమ్ముడూ, ఫాల్ రిస్క్ అని రోజూ ఫైల్లో రాస్తూనే ఉన్నా, ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. మరి నా మూడోది? డెసిషన్ టు అని లెక్చరర్ గారు కూడా సరే అన్నారు కదా, మరి తప్పెక్కడ?

అనువాదకురాలు_హైదరాబాద్:
స్టాఫ్ నర్స్ గారూ, దీనికి జవాబు మన తెలుగులోనే ఉందండి, ఇరవై ఏళ్ళుగా అనువాదాలు చేస్తున్నా కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. ఇంగ్లీషు అన్నిటికీ ఒకటే టు పెట్టి ఊరుకుంటుంది, చేసేది ఎవరో ఆ నౌన్‌ని బట్టి మనమే తెలుసుకోవాలి. తెలుగు అలా వదిలెయ్యదు, క్రియ చివరే చెప్పేస్తుంది. డాక్టర్స్ అడ్వైస్ టు రెస్ట్, డాక్టర్ గారు రెస్ట్ తీసుకోమన్న సలహా. అందులో "మన్న" ఉంది చూడండి, అంటే చెప్పింది ఒకరు, చెయ్యాల్సింది ఇంకొకరు. హిజ్ ప్రామిస్ టు కమ్, వస్తానన్న మాట. హర్ రిఫ్యూజల్ టు టేక్ ఇన్సులిన్, ఇన్సులిన్ వేసుకోనన్న పట్టు. "తానన్న", "నన్న" వచ్చాయంటే అన్నదీ చేసేదీ ఒక్కరే. డెసిషన్ కూడా ఈ రెండో గుంపుదే, రెస్ట్ తీసుకుంటానన్న నిర్ణయం. మీ వాక్యం చదివినవాళ్ళకి డాక్టర్ గారే రెండు వారాలు సెలవు పెట్టినట్టు అర్థమవుతుంది.

అందుకని రాసే ముందు ఒక్కసారి తెలుగులో అనుకోండి. "మన్న" వస్తే అడ్వైస్, ఆర్డర్, ఇన్‌స్ట్రక్షన్, రికమెండేషన్. డెసిషన్ అనే మాటే కావాలంటే డాక్టర్ చేసే పనే పెట్టండి, "డెసిషన్ టు డిశ్చార్జ్ హర్". లేదంటే "డెసిషన్ దట్ షి షుడ్ రెస్ట్" అని విడదీసి రాయండి.

జాగ్రత్తగా చూడాల్సిన మాట రిక్వెస్ట్. "హర్ రిక్వెస్ట్ టు గో హోమ్" అంటే ఇంటికి వెళ్ళేది ఆవిడే. "హర్ రిక్వెస్ట్ టు స్టాప్ ది డ్రిప్" అంటే డ్రిప్ ఆపేది మీరు. మాట ఒకటే, పని మారగానే మనిషి మారిపోయాడు. పర్మిషన్ అయితే పూర్తిగా అవతలివాళ్ళదే, "మై ఇన్‌ఛార్జ్స్ పర్మిషన్ టు లీవ్ ఎర్లీ" అంటే వెళ్ళేది నేను, ఇన్‌ఛార్జ్ కాదు.

లెక్చరర్_ఏలూరు:
చాలా బాగా చెప్పారమ్మా, పాతికేళ్ళు పాఠం చెప్పాను గానీ "మన్న", "తానన్న" తేడా పట్టుకుని ఎప్పుడూ చెప్పలేదు, ఈ వారమే క్లాసులో వాడతాను. ఒక్క మాట కలుపుతా. "అన్న" పట్టని నౌన్లకి ఈ పద్ధతి దారి చూపదు. నడిచే శక్తి, మానేసే అలవాటు, తెలుగులో రెండూ ఒకే తీరుగా ఉన్నాయి కదా, ఇంగ్లీషులో మాత్రం ఒకటి టు, ఒకటి ఆఫ్. అక్కడ నేను చెప్పినట్టు తల్లి మాట చూసుకోవాల్సిందే. ఛాన్స్ ఇంకా తిరకాసు, అవకాశం అనే అర్థంలో "హర్ ఛాన్స్ టు స్పీక్", కోలుకునే ఆశ ఎంతుంది అన్నప్పుడు "హర్ ఛాన్సెస్ ఆఫ్ రికవరింగ్". మీకు లెటర్‌లో రెండోదే ఎక్కువ పడుతుంది.

స్టాఫ్‌నర్స్_వరంగల్:
నైట్ డ్యూటీలో ఉన్నా, ఇప్పుడే రౌండ్ అయ్యాక కూర్చుని మళ్ళీ రాశా. "డిస్పైట్ ది డాక్టర్స్ అడ్వైస్ టు రెస్ట్ ఫర్ టూ వీక్స్, ది పేషెంట్ రిటర్న్‌డ్ టు వర్క్ ఆఫ్టర్ త్రీ డేస్. హర్ అన్‌విల్లింగ్‌నెస్ టు టేక్ ఇన్సులిన్ అండ్ హర్ హ్యాబిట్ ఆఫ్ స్కిప్పింగ్ మీల్స్ రిమెయిన్ ఎ కన్సర్న్." రెస్ట్ తీసుకోమన్న, వేసుకోనన్న, మానేసే అని పైకే అనుకుని మరీ రాశానండి. సరిపోయిందా?

అనువాదకురాలు_హైదరాబాద్:
సరిపోయిందండి, ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. రేపు ఇదే సార్‌కి చూపించండి.