బెర్నాల్ యాక్సిడెంట్: మళ్లీ టూర్‌లో చూస్తామా?

పింక్‌జెర్సీ | 30 జనవరి 2022
తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తా. పోయిన సోమవారం, 24న, కొలంబియాలో బొగోటాకు దగ్గర్లో ఉన్న గచన్‌సిపాలో సైక్లిస్ట్ ఎగాన్ బెర్నాల్ టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) సైకిల్ మీద ప్రాక్టీస్ చేస్తూ, ప్రయాణికుల్ని దింపడానికి ఆగిన బస్సును వెనక నుంచి గుద్దేశాడు. అప్పుడు వేగం గంటకు దాదాపు 60 కిలోమీటర్లు. వెన్నుపూసలు, కుడి తొడ ఎముక, మోకాలి చిప్ప, పక్కటెముకలు విరిగాయి. ఊపిరితిత్తులకు కూడా గాయాలు. ఇప్పుడు తనే ట్వీట్ చేశాడు, రెండు కాళ్లూ చచ్చుబడిపోయే అవకాశం 95% ఉండిందని, డాక్టర్లు కాపాడారని. 2019లో 22 ఏళ్లకే టూర్ డి ఫ్రాన్స్ గెలిచినవాడు, పోయినేడు ఇటలీ టూర్ గెలిచినవాడు. ఇప్పుడు వయసు 25. వారం నుంచి నాకు ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. మళ్లీ కొండల మీద చూస్తామంటారా?

కొండదారి | 30 జనవరి
చూస్తాం. డౌటే లేదు. 95%ని దాటి వచ్చినవాడికి టూర్ ఒక లెక్కా? అమెరికన్ సైక్లిస్ట్ లెమాండ్‌కి 1987లో వేటకు వెళ్లినప్పుడు తుపాకీ గుళ్లు ఒళ్లంతా దిగాయి. రెండేళ్లకు, 1989లో, 8 సెకన్ల తేడాతో టూర్ కొట్టాడు. డచ్ సైక్లిస్ట్ వాన్ వ్లూటెన్ 2016 రియో ఒలింపిక్స్‌లో పడి నడుము దగ్గర వెన్నుపూస మూడు చోట్ల విరగ్గొట్టుకుంది. టోక్యోలో టైమ్ ట్రయల్ గోల్డ్ ఎవరిది? ఆమెదే. బెల్జియం కుర్రాడు ఎవెనెపూల్ 2020లో లొంబార్డియా రేసులో వంతెన గోడ మీద నుంచి అవతల పడి కటి ఎముక విరిగినా మళ్లీ గెలుస్తున్నాడు. బెర్నాల్ టూర్ గెలుస్తాడు. రాసిపెట్టుకోండి.

డాక్టర్‌కాదు | 30 జనవరి
ఆ 95% ఎక్కడి లెక్కండీ? ఇలాంటి దెబ్బ తగిలిన వందమందిలో 95 మందికి అలా అవుతుందనా? లేక ఆపరేషన్‌కి ముందు డాక్టరు ఏదో మాటవరసకి అన్నదా?

కొండదారి | 30 జనవరి
ఆయన కాళ్లు, ఆయన ట్వీటు. మీకు రసీదు కావాలా?

చివరిబంచ్ | 31 జనవరి
అన్నా, లిస్టులో ఫ్రూమ్ పేరు లేదేం? నాలుగు టూర్లు గెలిచినవాడు. 2019 జూన్‌లో ఫ్రాన్స్‌లోని రోవాన్ దగ్గర, రేసు కూడా కాదు, దారి చూసుకోవడానికి వెళ్లి ముక్కు చీదుకోవడానికి హ్యాండిల్ మీంచి చెయ్యి తీశాడు. గాలి తోసేసింది, పోయి గోడకు తగిలాడు. బెర్నాల్‌కి లాగే తొడ ఎముక, పక్కటెముకలు. వచ్చాడు, నిజమే. పోయినేడు టూర్‌లో ఎన్నో స్థానం? 133. గెలిచినవాళ్లను ఏరుకుని లిస్టు రాస్తే ఎవరైనా గెలుస్తారు.

పైగా బెర్నాల్‌కి ముందునుంచే వెన్నునొప్పి ఉంది. 2020 టూర్ మధ్యలో వదిలేసింది దానివల్లే. ఇప్పుడు దెబ్బ తగిలింది కూడా అదే వెన్నుకి.

అసలు ఎవరూ మాట్లాడని ముక్క ఒకటుంది. ఆ సైకిల్‌ని ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద ఎందుకు తొక్కాలి? టైమ్ ట్రయల్ సైకిల్ తొక్కినవాళ్లకి తెలుస్తుంది. మోచేతులు ముందు ప్యాడ్ల మీద ఆనించి, చేతులు చాచి, తల దించుకుని పోతాం. బ్రేకులు ఆ చేతుల దగ్గర ఉండవు, కింద పక్క హ్యాండిల్ చివర్లో ఉంటాయి. 60 వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. తల ఎత్తి, బస్సును చూసి, చేతులు కిందికి తెచ్చి బ్రేకు పట్టుకునేసరికి ఎంత దూరం పోతాడో మీరే లెక్కేసుకోండి.

సైలెంట్‌రీడర్ | 31 జనవరి
ముందు మనిషి బాగుంటే చాలు. మిగతావి తర్వాత.

కొండదారి | 31 జనవరి
అంటే తప్పు అతనిదే అంటావ్? ఆసుపత్రిలో ఉన్న మనిషిని పట్టుకుని?

చివరిబంచ్ | 31 జనవరి
తప్పు అన్నానా? చదివి రాయండి. టైమ్ ట్రయల్ ప్రాక్టీస్‌కి మూసేసిన రోడ్డో, ట్రాకో, వెనక జట్టు కారులో ముందు చూసి చెప్పే మనిషో ఉండాలంటున్నా. ఐదేళ్ల కాంట్రాక్టు ఇవ్వడం తెలిసిన టీమ్‌కి ఆ మాత్రం తెలీదా?

గాలివాటం | 31 జనవరి
కొండ రోడ్లన్నీ ఎవరు మూస్తారు బ్రో మనకోసం. ప్రొఫెషనల్స్ రోజుకి ఐదారు గంటలు తొక్కుతారు. ఆ పొజిషన్ ఒంటికి అలవాటు కావాలంటే బయటి రోడ్డు మీద తొక్కక తప్పదు.

డాక్టర్‌కాదు | 1 ఫిబ్రవరి
మళ్లీ 95%కి వస్తా. విరిగిన వెన్నుపూసలు ఛాతీ వెనక ఉన్నవి. అక్కడ వెన్నుపాము తెగితే కాళ్లు పోతాయి. అతనికి తెగలేదు. అది అదృష్టం, సర్జన్ల నైపుణ్యం. దానికీ, మూడు వారాల రేసులో ఆల్ప్స్ ఎక్కడానికీ సంబంధం ఏంటి? ఒక గండం దాటినవాడు రెండోదీ దాటుతాడనేది లెక్క కాదు, ఆశ.

కొండదారి | 1 ఫిబ్రవరి
ఆశ అంటే ఏదో బూతుమాట అన్నట్టు రాస్తున్నారు ఇక్కడ అందరూ.

చివరిబంచ్ | 1 ఫిబ్రవరి
బూతు కాదు కానీ దానికీ ఖరీదు ఉంటుంది. నాకూ తొడ ఎముక విరిగింది, రేసులో కాదు, వాన నీళ్లలో జారి. ఎముక లోపల రాడ్ వేశారు. అప్పట్నుంచీ వచ్చిన ప్రతివాడూ ఒకటే మాట, "నువ్వు ఫైటర్‌వి, ఎప్పుడు ఎక్కుతున్నావ్ సైకిల్?" ఆరు వారాలకే ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండు) మీద ఎక్కా. కుడి పాదం పెడల్లో ఇరికింది కానీ మడమ తిప్పి బయటికి తీయలేకపోయా. మోకాలు పైదాకా రాలేదు, సగంలో ఆగింది. టేపుతో కొలిస్తే కుడి తొడ ఎడమదాని కంటే నాలుగు సెంటీమీటర్లు సన్నం. అయినా తొక్కా, ఎందుకంటే అందరూ ఎదురుచూస్తున్నారు కదా. రాడ్ కింది స్క్రూ విరిగి మళ్లీ ఆపరేషన్. ఫైటర్ అన్నవాళ్లలో ఒక్కడూ రాలేదు రెండోసారి.

కొండదారి | 1 ఫిబ్రవరి
నీ తొందరకి మమ్మల్ని అంటావేంటి? బెర్నాల్ చుట్టూ సర్జన్లు, ఫిజియోలు ఉన్నారు. నీలాగా ఇంట్లో టేపు పట్టుకుని కూర్చోలేదు.

గాలివాటం | 1 ఫిబ్రవరి
అన్నా, ఆ చివరి లైను అవసరమా?

చివరిబంచ్ | 1 ఫిబ్రవరి
ఉండనీ. ఈయనకి బెర్నాల్ ఎలా ఉన్నాడన్నది కాదు ముఖ్యం. జులైలో టీవీ ముందు కూర్చుంటే ఎవరో ఒకరు గెలవాలి. ఎవడి ఎముకలైతే ఏంటి?

కొండదారి | 1 ఫిబ్రవరి
నోరు అదుపులో పెట్టుకో. నీకు తెలుసా నాకెందుకు మంటో? మా తమ్ముడు 19 ఏళ్లకి పడ్డాడు, తుంటి దగ్గర విరిగింది. ఒక డాక్టర్ ఎక్స్‌రే లైటు ముందు పెట్టి, వాడి మొహం కూడా చూడకుండా, "ఇక రేసుల మాట మర్చిపోండి" అన్నాడు. నీలాగే జాగ్రత్త చెప్పాడన్నమాట. ఆ సైకిల్ మూడేళ్లు గోడకి వేలాడింది, తర్వాత వాడే అమ్మేశాడు. ఆ తర్వాత వేరే డాక్టర్ అదే ఫిల్ములు చూసి, "ఎముక బాగానే అతికింది, ఎందుకు ఆపేశావు?" అన్నాడు. వాడు బయటికొచ్చి ఏం మాట్లాడలేదు. మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఇప్పుడు చెప్పు, రావద్దని ముందే తీర్పులు చెప్పేవాళ్లంటే నాకు ఎలా ఉండాలి?

మోడరేటర్ | 1 ఫిబ్రవరి
ఇద్దరూ ఒక పూట ఆగండి. థ్రెడ్ మూయడం లేదు. మనుషుల మీదికి వెళ్లకండి.

చివరిబంచ్ | 3 ఫిబ్రవరి
తమ్ముడి సంగతి ముందే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. నేను రావద్దు అనలేదు. రావాలని అడక్కండి అన్నా. అతను రాకపోయినా అతని టూర్ అతనిదే కదా.

కొండదారి | 3 ఫిబ్రవరి
నాకు ఆ రెండూ ఒకలాగే వినిపిస్తాయి. టేపు మాటకి మాత్రం సారీ.

పింక్‌జెర్సీ | 7 ఫిబ్రవరి
డిశ్చార్జ్ అయ్యాడు!! రెండు వారాలకే. విరిగినవన్నీ కలిపితే 20 ఎముకల దాకా, అందులో 11 పక్కటెముకలట. పన్ను కూడా ఊడింది.

సైలెంట్‌రీడర్ | 7 ఫిబ్రవరి
హమ్మయ్య.

గాలివాటం | 29 మార్చి
రోడ్డు మీద తొక్కుతున్నాడు. ఇంకా రెండు నెలలే అయింది.

చివరిబంచ్ | 29 మార్చి
నాకు సంతోషం కంటే టెన్షన్ ఎక్కువగా ఉంది. ఎందుకో మళ్లీ చెప్పను.

పింక్‌జెర్సీ | 16 ఆగస్టు 2022
డెన్మార్క్ టూర్ స్టార్ట్ లైన్‌లో నిలబడ్డాడు. యాక్సిడెంట్ అయి ఏడు నెలలు కూడా నిండలేదు. నాకైతే ఇక ఫలితంతో పని లేదు.

కొండదారి | 16 ఆగస్టు
నాకుంది.

కొండదారి | 10 సెప్టెంబర్ 2025
మూడేళ్ల కిందటి థ్రెడ్‌ని తవ్వుతున్నందుకు మోడరేటర్ గారు తిట్టుకోకూడదు. నిన్న స్పెయిన్ టూర్ 16వ స్టేజ్ (ఒక రోజు రేసు) చూశారా? బెర్నాల్ స్పెయిన్ రైడర్ లాండాని స్ప్రింట్‌లో దాటేశాడు. 2021 తర్వాత పెద్ద టూర్లలో అతనికి ఇదే మొదటి స్టేజ్ గెలుపు. ఫిబ్రవరిలో కొలంబియా నేషనల్స్‌లో రోడ్ రేసు, టైమ్ ట్రయల్ రెండూ అతనివే. ఇటలీ టూర్‌లో ఏడో స్థానం. రాసిపెట్టుకోమన్నానా లేదా?

డాక్టర్‌కాదు | 10 సెప్టెంబర్
ఫిబ్రవరిలోనే కాలర్ ఎముక కూడా విరగ్గొట్టుకున్నాడు. అదీ రాయండి.

చివరిబంచ్ | 10 సెప్టెంబర్
నువ్వు రాసిపెట్టుకోమన్నది టూర్ గెలుస్తాడని. పైకి వెళ్లి చూసుకో, అలాగే ఉంది. ఇది ఒక్క స్టేజ్. అదీ నిరసనల వల్ల ఫినిష్‌ని 8 కిలోమీటర్లు ముందే పెట్టేసిన స్టేజ్. చివరి కొండ ఎక్కనే లేదు.

కొండదారి | 10 సెప్టెంబర్
గీత ఎక్కడ గీస్తే అక్కడే కదా దాటాలి. లాండాకి మాత్రం వేరే గీత ఉందా?

చివరిబంచ్ | 10 సెప్టెంబర్
సరే, ఒప్పుకుంటా, లైవ్‌లో చూస్తూ లేచి నిలబడ్డా. కానీ స్టేజ్ వేరు, టూర్ వేరు. మీ తమ్ముడు చూశాడా?

కొండదారి | 11 సెప్టెంబర్
చూశాడు. ఏమన్నాడో చెప్పను. నీకే సపోర్ట్ చేస్తున్నాడు వెధవ.